హత్య వెనుక ఊరు

ఊళ్ళో ఖూనీ జరిగితే మర్నాడు పత్రికలో వచ్చేది ఎనిమిది లైన్లు. పేరు, వయస్సు, చేనుగట్టు, వేటకొడవలి, చివర “పాతకక్షలే కారణమని తెలియవచ్చింది” అన్న ముక్తాయింపు. ఈ విలేఖరి పదేళ్ళుగా అటువంటి లైన్లే పంపుతూ వచ్చాడు. అందులో ఎంత లోపం ఉన్నదీ ఒక ఇంగ్లీషు అపరాధ పరిశోధక నవల చదివాక గాని తెలిసిరాలేదంటే పాఠకులు నవ్వుకోవచ్చు.

ఆ నవల అగాథా క్రిస్టీ వ్రాసిన ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’. 1930లో అచ్చయింది. మా శాఖా గ్రంథాలయంలో అడుగు అరలో దొరికింది. తెలుగు డిటెక్టివు నవలలకైతే మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో హంతకుడి పేరు వ్రాసి ఉంచుతాడు. దీన్ని ఎవరూ ముట్టినట్టు లేదు గనుక ఆ బాధ తప్పింది. ఇంటరు చదువుకు ఆ ఇంగ్లీషు కొంత బరువే. నిఘంటువు పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను.

సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న పల్లె. కల్నల్ ప్రోథరో అనే పెద్దమనిషి చర్చి గురువుగారి ఇంట్లోనే, ఆయన వ్రాతబల్ల దగ్గరే, తుపాకి గుండుకు చనిపోయి కనబడతాడు. కథ చెప్పేది ఆ గురువుగారే. ఈ కల్నల్‌ను ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టేనని మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరుజారిందీ ఆయనే! చచ్చినవాడు ఎటువంటివాడో అక్కడే తెలిసిపోతుంది. మేజిస్ట్రేటుగా కఠినుడు. ఇంట్లోవాళ్ళకు ఊపిరాడనివ్వడు. చర్చి లెక్కలు తీయిస్తానని కూర్చున్నాడు. ఇక అతని చావు కోరనివాడెవడా అని వెతుక్కోవలసి వస్తుంది.

ఇన్‌స్పెక్టర్ స్లాక్ వస్తాడు. బల్లమీద పడిపోయిన గడియారం ఆరూ ఇరవైరెండుకు ఆగి ఉంటుంది. ఆ గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పి ఉంచడం ఆ ఇంటి అలవాటు. గురువుగారు ఆ సంగతి చెప్పబోతే ఇన్‌స్పెక్టరు వినిపించుకోడు. ఆ ఘట్టం దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మన శవపంచనామాల వద్ద పంచాయితీదార్లు సంతకాలు చేసి ఊరుకోవడం, ఏదో చెప్పబోయిన ముసలమ్మను కానిస్టేబులు పక్కకు నెట్టడం ఎన్నిసార్లు చూడలేదు?

హంతకుణ్ణి పట్టేది ముసలమ్మే. మిస్ మార్పుల్. పెళ్ళి కాలేదు, ఊరు దాటి ఉద్యోగం చేయలేదు. తోటపని చేస్తూ, దుర్భిణితో పిట్టల్ని చూస్తున్నట్టుంటూ, ఎవరు ఎటు పోయిందీ గమనిస్తుంది. మనవైపు అరుగుమీద కూర్చుని చింతపండు ఈనెలు తీసే మామ్మ లాంటిదే. ఒక మనిషిని చూస్తే తన ఊళ్ళో అటువంటి పని చేసిన మరొకరు ఆమెకు గుర్తుకొస్తారు. ఆధారమంతా అదే: మనిషి నైజం. ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు నేనే చంపానంటే నేనే చంపానని ఒప్పుకుంటారు. అయినా కథ అక్కడ తేలదు. ఎందుకో చెబితే చదవబోయేవారికి అన్యాయం చేసినట్టవుతుంది.

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు చదివి పెరిగినవాణ్ణే. వాటి ఉత్కంఠను తక్కువ చేయను. కాని అక్కడ మన కళ్ళు డిటెక్టివు మీద ఉంటాయి. ఇక్కడ ఊరు మీద ఉంటాయి. దీనిలోనూ లోపం లేకపోలేదు. పనిమనిషి, దొంగచాటు వేటగాడు వంటి బీదవాళ్ళు వచ్చి పోతారే తప్ప వాళ్ళ మనసుల్లోకి రచయిత్రి తొంగిచూడదు. కులం, కాలువ నీరు, గట్టు తగాదా ఉన్న మన పల్లెను మన రచయితే వ్రాయాలి.

ఈ నవల నన్ను పట్టుకోవడానికి అసలు కారణం వేరు. ఎనిమిదేళ్ళ క్రితం పక్క ఊళ్ళో ఒక మోతుబరి హత్య జరిగింది. టీ బడ్డీ దగ్గర విన్నది నమ్మి “సరిహద్దు తగాదాయే కారణమని తెలియవచ్చింది” అని పంపాను. నాలుగు రోజుల తర్వాత పోలీసులు ఆ గట్టు రైతును విచారించి వదిలేశారు. కొన్నాళ్ళకు పట్టుబడింది చనిపోయినవాని సొంత బంధువు. వడ్డీ లెక్కల వ్యవహారం. అది ఊళ్ళో సగం మందికి ముందే తెలుసు. అయితే పోయినవాణ్ణి చెడ్డగా అనకూడదు గదా! ఎవర్ని అడిగినా “దేవుడులాంటి మనిషి” అన్నారు. ఆ గురువుగారిలాగా నిజం నోరుజారినవాడు ఒక్కడూ లేడు. నేనూ రెండోసారి అడగలేదు.

గట్టు రైతు ఒకరోజు మా ఇంటికొచ్చాడు. కూతురి సంబంధం తప్పిపోయింది. కోపంగా ఏమీ లేడు. పేపరు కత్తిరింపు బల్లమీద పెట్టి, “ఇందులో నా పేరు లేదు బాబూ, నిజమే. కాని ఆయనతో గట్టు ఉన్నోణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే గదా” అన్నాడు. సవరణ నాలుగు లైన్లు పంపాను. అచ్చుకాలేదు. మళ్ళీ పంపి ఉండవలసింది.

2024 జూలై నుంచి కొత్త చట్టంలో హత్యానేరానికి 103వ సెక్షను వచ్చింది. జనం నోట ఇంకా 302యే. విలేఖర్ల కలంలో “పాతకక్షలు” కూడా అలాగే మిగిలిపోయింది. ఆ మాట వ్రాసే ముందు పోయినవాడు ఎలాంటివాడో నలుగుర్ని కాకపోతే ఎనిమిదిమందిని అడగడం, తెలియకపోతే “కారణం తెలియలేదు” అని వ్రాయడం ఇప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి. వార్త ఒకరోజు ఆలస్యమవుతుంది, డెస్కువారు విసుక్కుంటారు.

పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఆ రైతు ఇప్పటికీ సంతలో ఎదురైతే “పేపరు బాబూ, బాగున్నావా” అని పలకరిస్తాడు. ఆ కత్తిరింపు మాత్రం ఆనాడు నా దగ్గర వదల్లేదు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.