పూనకం కాదు, తీర్మానం కావాలి

'కాంతార' తెలుగులోకి వచ్చి ఏళ్లు గడిచినా మన ఊళ్లలో ఆ కేక ఇంకా ఆగలేదు. జాతర్లలో, హాస్టల్ వరండాల్లో, ఫోన్లలో పిల్లలు ఆ కేకే వేస్తున్నారు. కేక వేస్తే తప్పేం లేదు. అడవి పిల్లలు అడవి దేవుడి కేక వేయకపోతే ఇంకెవరు వేస్తారు? మా అభ్యంతరం కేక మీద కాదు, దాని వెనక దాగిన మాట మీద. ఆ మాట ఇది: మీ కోపం మీది కాదు, మీలో దూరిన దేవుడిది. న్యాయం తెచ్చుకోవడం మీ వల్ల కాదు, పూనకం వల్లే అవుతుంది. ఈ మాటను ఆదివాసీ ఉపాధ్యాయులమైన మేము ఒప్పుకోం.

కథ అందరికీ తెలిసిందే అయినా ఒకసారి విప్పి చూద్దాం. ఇది తుళునాడు కథ. కర్ణాటక పడమటి తీరాన ఉడుపి, దక్షిణ కన్నడ జిల్లాల కథ. అక్కడి భూత కోలలో పంజుర్లి, గుళిగ వంటి దైవాలు మనిషి మీదికి వచ్చి ఊరితో మాట్లాడతాయి. పంజుర్లి అడవిపంది రూపం. గుళిగ ఉగ్రుడు. సినిమాలో 1847లో ఒక రాజు మనశ్శాంతి వెతుక్కుంటూ వచ్చి, పంజుర్లి రాయిని తీసుకెళ్లి, బదులుగా అడవి భూమిని ఊరికి ఇస్తాడు. 1970లో అతని వారసుడు ఆ భూమి తిరిగి ఇమ్మంటాడు. అప్పుడు దైవం పూనిన మనిషి జనం చూస్తుండగానే అడవిలోకి పరుగెత్తి మాయమవుతాడు. ఆ మనిషి కొడుకే శివ.

1990 నాటికి శివ పెద్దవాడు. తాగుతాడు, వేటాడతాడు, కొట్లాడతాడు, కంబళంలో దున్నలను పరుగెత్తిస్తాడు. కోల కట్టడానికి మాత్రం ముందుకు రాడు. తండ్రిని పోగొట్టుకున్న భయం అది. రాత్రిళ్లు ఆ రూపం కలలోకి వచ్చి లేపుతుంది. లోపల ఉన్నదాన్ని అణచుకోలేడు, బయటికి రానివ్వలేడు. చివరికి చావు అంచున పడి ఉన్నప్పుడు గుళిగ అతని మీదికి వస్తాడు. దొర దేవేంద్ర, అతని మనుషులు హతమవుతారు. ఆ తర్వాత పంజుర్లి పూనిన శివ ఊరివాళ్ల చేతులనూ అటవీ అధికారి మురళీధర్ చేతులనూ ఒక్కచోట కలిపి, తండ్రిలాగే అడవిలో మాయమవుతాడు.

రిషబ్ శెట్టి రాసి, తీసి, నటించిన ఈ సినిమాలో మెచ్చుకోవాల్సింది ఉంది. అడవి అంచున బతికేవాళ్ల దేవుణ్ని వెక్కిరించకుండా తెరకెక్కించాడు. భూమి చుట్టూ తిరిగే కథ చెప్పాడు. ఆ నటనకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వస్తే మేమూ సంతోషించాం. కానీ మెచ్చుకున్నంత మాత్రాన నోరు మూసుకోవాలని లేదు. ఈ కథ మన పిల్లలకు రెండు అబద్ధాలు నేర్పుతోంది.

మొదటి అబద్ధం: పూనకం ఒంటరి మనిషి లోపలి యుద్ధమని. మా కోయ ఊళ్లలో వేల్పు పూనడం కొత్త సంగతి కాదు. వేల్పు వచ్చినప్పుడు ఊరంతా చుట్టూ ఉంటుంది. డోలు మోగించేది ఊరు. అడిగేది పెద్దలు, వడ్డె. వర్షం ఎందుకు రాలేదు, రోగం ఎందుకు వచ్చింది, తప్పు ఎవరిది అని అడుగుతారు. జవాబు నచ్చకపోతే ఎదురడుగుతారు. పని అయ్యాక నీళ్లు చల్లి కూర్చోబెడతారు. పూనకం ఎక్కించేదీ ఊరే, దించేదీ ఊరే. తుళునాడులోనూ కోల అంటే ఊరి పంచాయితీ. పంబద, పరవ, నలికె కులాల వాళ్లు తరతరాలుగా ఆ దైవాలను మోస్తున్నారు. కుటుంబాల తగవులు, భూమి తగవులు దైవం ముందుకు వస్తాయి, అందరి ఎదుట మాట తేలుతుంది. అటువంటి మాటల సభను సినిమా చివర్లో కొట్లాటగా మార్చేసింది. ప్రశ్నలడిగే ఊరు పక్కకు తప్పుకుంది. కండలు తిరిగిన ఒక్క మనిషి మిగిలాడు.

రెండో అబద్ధం ఇంకా ప్రమాదకరమైనది. చంపిన తర్వాత చేతులు కలుస్తాయన్నది ఆ అబద్ధం. సినిమా తెలుగులోకి వచ్చింది 2022 అక్టోబర్ 15న. నెల దాటిన కొద్ది రోజులకే, నవంబర్ 22న, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ దగ్గర జరిగిన గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యాడు. సినిమా చూసి జరిగిందని మేము అనడం లేదు. పోడు గొడవ సినిమాకన్నా చాలా పాతది. మేము అడిగేది ఒక్కటే. అక్కడ ఎవరి చేతులు కలిశాయి? ఒక ఇంట్లో పిల్లలకు తండ్రి లేకుండా పోయాడు. మరుసటి ఏడు ఇద్దరు గుత్తికోయలకు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కత్తి పట్టని వాళ్లతో సహా ఆ గూడెం మొత్తాన్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది. కోపం ఒక్క క్షణానిది, శిక్ష గూడెం మొత్తానికి. తీర్మానం బలం ఎంతటిదో కూడా అక్కడే చూడొచ్చు. మనం రాయకపోతే మన మీద రాస్తారు.

మరి 'కాంతార'లో అసలు వీరుడు ఎవరు? మా లెక్కలో శివ కాదు, గురువ. శివకు తమ్ముడి వరస. శివ భయపడి వదిలేసిన కోలను కట్టేవాడు. "భూమి నాదే అని దైవం నోట చెప్పించు" అని దొర అతణ్ని అడుగుతాడు. ఆ దొరకు బాగా తెలుసు: దేవుడి నోరు ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్ల చేతిలో ఉంటుంది. గురువ కాదంటాడు. ఆ సమయంలో అతని మీద ఏ దైవమూ లేదు. ముఖాన రంగు లేదు, కాళ్లకు గజ్జెలు లేవు, చుట్టూ జనం లేరు. మామూలు మనిషిగా, మామూలు గొంతుతో కాదన్నాడు. అందుకే చంపారు. థియేటర్లో ఆ మాటకు ఈలలు పడలేదు. ఆ 'కాదు'ను మన పిల్లలకు నేర్పాలి. దొంగ కాగితం మీద వేలిముద్ర వేయమన్నప్పుడు, బినామీ పేరున సంతకం పెట్టమన్నప్పుడు, గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా కాపాడే 1/70 చట్టాన్ని దాటేయడానికి దారి చూపమన్నప్పుడు పనికొచ్చేది గుళిగ కేక కాదు, గురువ మాట.

శివ గెలిచే కంబళం గురించీ ఒక సంగతి చెప్పాలి. అదే తుళునాడులో కొరగలనే ఆదివాసులున్నారు. కంబళం సందర్భాల్లో వాళ్లచేత డోళ్లు కొట్టించడం, దున్నలకన్నా ముందు వాళ్లను పరుగెత్తించడం ఆచారంగా సాగింది. వెంట్రుకలు, గోళ్లు కలిపిన అన్నం పెట్టే నీచమైన పద్ధతీ ఉండేది. దీన్ని 'అజలు' అంటారు. కర్ణాటక 2000లో ప్రత్యేక చట్టం చేసి దీన్ని నిషేధించింది. ఏ దైవమూ పూని ఆ చట్టం తేలేదు. కొరగలు సంఘాలు కట్టుకుని, మేమూ మనుషులమేనని పగటివేళ, తెలివితో ఉండి అడిగారు. ఆ పోరాటం మీద ఇంత పెద్ద సినిమా రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించండి. ఆదివాసి కోపం పూనకంగా ఉంటే అందరికీ చూడముచ్చటే. అదే కోపం దరఖాస్తుగా వస్తే ఎవరికీ నచ్చదు.

మన చరిత్ర చూసుకున్నా ఇంతే. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. 'కాంతార'లో శివ కూడా అడవిలోనే మాయమయ్యాడు. పైకి ఒకటిగా కనిపించినా రెండూ ఒకటి కావు. సమ్మక్కకు దేవత పూని యుద్ధం చేసిందని మనం చెప్పుకోం. కరువులో కప్పం కట్టలేమని చెప్పి, మనిషిగా నిలబడి పోరాడింది కాబట్టే దేవత అయింది. ముందు పోరాటం, తర్వాత దైవత్వం. సినిమా ఈ వరుసను తిరగేసింది.

కొమరం భీం కూడా అంతే. ముందు విన్నపాలు, చర్చలు నడిచాయి. పన్నెండు ఊళ్ల కోసం అడిగాడు. తుపాకీ ఎదురైనప్పుడు జోడేఘాట్‌లో నిలబడ్డాడు, 1940లో ప్రాణమిచ్చాడు. ఆ కోపానికి ఒక లెక్క ఉంది, ఊళ్ల పేర్లున్నాయి, డిమాండ్ ఉంది. అందుకే భీం పోయినా ఆ కోపం పోలేదు. నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపాల్సి వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది. డిప్లొమా చేతిలో పట్టుకుని బడికి వెళ్తున్న మనలాంటి వాళ్లందరికీ ఆ కేంద్రమే తొలిమెట్టు. జోడేఘాట్ నెత్తురు మార్లవాయి పలక మీద అక్షరమైంది. పూనకం దిగిపోతుంది, అక్షరం దిగదు.

"చట్టాలు రాసుకుని ఏం లాభం సార్, పట్టా రాలేదు కదా" అని కుర్రాళ్లు అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా దావాలు కుప్పలుగా తిరస్కరించారు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు దావాలు తిరస్కరణకు గురైన వాళ్లను ఖాళీ చేయించమంది. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ రోజు మాకూ ఒళ్లు మండింది. కోపం వద్దని మేము చెప్పడం లేదు. కోపం రాని ఆదివాసి ఉంటే అతనికి ఏదో జబ్బు చేసినట్టే. ఆ కోపాన్ని ఎక్కడ పెడతామన్నదే ప్రశ్న. 2019లో దేశమంతా ఆదివాసులు కదిలారు. ఫిబ్రవరి 28నే ఆ ఖాళీ ఉత్తర్వు ఆగింది. పదిహేను రోజులు. ఏ గుళిగా రాలేదు. మనమే వచ్చాం.

ఇక రాయి సంగతి. కథంతా పంజుర్లి రాయి చుట్టూ తిరుగుతుంది. శివ తల ఆ రాయికి తగిలాకే గుళిగ వస్తాడు. మన ఊళ్లలోనూ వేల్పు రాళ్లున్నాయి, గట్లున్నాయి, పూర్వీకుల సమాధులున్నాయి. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం చదవండి. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు దావాకు సాక్ష్యమని రాసి ఉంది. దావా వేసినవాళ్లు కాని పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. అంటే మన దేవుడి రాయి కోర్టు మెట్లెక్కి మాట్లాడగలదు. దానికి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఎక్కడుందో రాయాలి, నక్ష గీయాలి, ఎన్ని తరాలుగా కొలుస్తున్నారో పెద్దల చేత చెప్పించాలి, గ్రామసభ తీర్మానం చేయాలి. ఆ గ్రామసభకు ఊళ్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సినిమాలో లీల అటవీ గార్డు ఉద్యోగంలో చేరి తన ఊరికే కంచె వేయాల్సి వస్తుంది. చట్టం ప్రకారం లీల చోటు కంచె దగ్గర కాదు, గ్రామసభలో.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లవాడు ఆ కేక వేస్తే బెత్తం తీయకండి. "నీలో ఉన్న కోపం ఎవరి మీద? ఎందుకు?" అని అడగండి. చెప్పింది తెలుగులోనో కోయలోనో వాణ్నే రాయమనండి. తాతను అడిగి ఊరి వేల్పు కథ, పోడు కథ రాసుకురమ్మనండి. తేదీ వేయించండి, తాత పేరు రాయించండి. ఆ నోటు పుస్తకం రేపు దావా కాగితాలకు జత కావచ్చు. ఏజెన్సీ పిల్లలకు కోపం ఎక్కువని స్టాఫ్ రూముల్లో గొణుగుతుంటారు. కోపం ఎక్కువ కాదు, దాన్ని చెప్పుకునే చోటు తక్కువ. ఆ చోటు మన తరగతి గది కావాలి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. మీలో దయ్యం లేదు. మీలో ఉన్నది పోయిన భూమి, రాని పట్టా, ఆగిన ఉద్యోగం, తాతకు తగిలిన దెబ్బ. దానికి పూనకమని పేరు పెడితే అది దిగిపోయాక మీకేమీ మిగలదు. హక్కు అని పేరు పెడితే తరువాత తరానికీ మిగులుతుంది. మన వేల్పులను జాతరలో ఊరంతా కలిసి కొలుద్దాం. అడవి లెక్క మాత్రం పూనకంలో అడగవద్దు. తెలివితో, పేరు పెట్టి, సంతకం పెట్టి అడుగుదాం. ఒక్కడి కేకకు భయపడేవాళ్లు కొందరే. ఊరంతా కూర్చుని రాసిన తీర్మానానికి జవాబు చెప్పాల్సినవాళ్లు చాలామంది.