గుర్దా జబ్బుకి డాక్టర్లున్నారు, సవాల్ అడిగేవాళ్ళేరీ?

మన ఇళ్ళల్లో బిడ్డ బాగా చదువుతుంటే అమ్మీ, అబ్బా చేసే దువా ఒకటే: డాక్టర్ కావాలి. మంచి దువానే. కానీ డాక్టర్ చదివిన ఆ బిడ్డే వచ్చి, "క్లినిక్ పెట్టను అబ్బా, గుర్దా జబ్బు మీద తహ్కీక్ చేస్తా" అంటే? "ఇంత ఖర్చు పెట్టి చదివిస్తే ఇదేం నౌక్రీ బేటా" అంటాం. నా మటుకు నాకు, దేవనకొండ లాంటి ఊళ్ళకి ఇప్పుడు ఆ బిడ్డ జరూరతే ఎక్కువ.

ఎందుకో ఉద్దానాన్ని చూస్తే తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే మెహనతీ జనం. షుగర్ లేనివాళ్ళకీ, బీపీ లేనివాళ్ళకీ కిడ్నీలు పోతున్నాయి. విశాఖలో నెఫ్రాలజిస్టుగా ఉన్న డాక్టర్ రవిరాజు గారు ఏళ్ళ తరబడి ఈ మాట గట్టిగా చెప్పబట్టే లోకం అటు చూసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రీ, కిడ్నీ రీసెర్చ్ సెంటరూ మొదలయ్యాయి. అయినా అసలు కారణం ఇదీ అని ఈ రోజుకీ ఎవరూ ఖాయంగా చెప్పలేకపోతున్నారు. బిల్డింగ్ కట్టడానికి నాలుగేళ్ళు చాలు. అందులో కూర్చుని సరైన సవాల్ అడిగే మనిషి తయారవడానికి పదేళ్ళు పడుతుంది.

"అది ఉద్దానం సంగతి, మనకేం ఫికర్?" అనొద్దు. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే జవాన్లకి కూడా ఇట్లాగే కిడ్నీలు పోయాయి. మండే ఎండలో పని, ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం దీనికి పెద్ద కారణమని చాలామంది పరిశోధకుల అనుమానం. ఎండలో పని అంటే మన పడమటి కర్నూలుకి ఎవరైనా కొత్తగా చెప్పాలా? ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ ఊళ్ళ నుంచి మిర్చి కోతకి గుంటూరు దాకా వలసపోయే కుటుంబాల్లో హిందువులూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది. రక్తంలో క్రియాటినిన్ ఒక్కసారి ఎక్కువ చూపిస్తే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనరు. మూడు నెలలు గడిచాక మళ్ళీ పరీక్ష చేసి చూడాలి. బయటి నుంచి వచ్చిన టీము మొదటి పరీక్ష చేసి పోతుంది. మూడు నెలలకి తిరిగొస్తే ఇంటికి తాళం, మనుషులు వలసలో ఉంటారు. వాళ్ళు ఏ పండక్కి ఊరికొస్తారో, ఏ పీర్ల చావిడి దగ్గర కలుస్తారో ఈ మట్టిలో పుట్టిన బిడ్డకే తెలుసు. మన ఆడవాళ్ళు పొట్టనొప్పి సంగతీ, మూత్రం మంట సంగతీ ఎవరికి చెప్పుకుంటారు? తమ జబాన్‌లో మాట్లాడే ఒక ఆపాకే.

ఇంకో మాట. దేవనకొండ మండలంలోనే ఉన్న కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని 2024 నవంబరులో ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. సర్కారు ఆపేస్తామంది. యురేనియం నీళ్ళల్లో కలిసి ఒంట్లోకి పోతే ముందు దెబ్బ తగిలేది గుర్దాలకే. రేపు ఎవరైనా మళ్ళీ బోర్లతో వస్తే, "అంతకుముందు మా నీళ్ళు ఇట్లా ఉండేవి, మా కిడ్నీలు ఇట్లా ఉండేవి" అని చూపించడానికి కాగితం కావాలి. నినాదం ఒక రోజు పనిచేస్తుంది. లెక్క రాసిన కాగితం అదాలత్‌లో కూడా పనిచేస్తుంది.

రోజా సంగతి కూడా ఉంది. ఎండాకాలంలో రంజాన్ వస్తే పొలంలో కూలి చేసే మనిషి గుర్దా మీద రోజా ప్రభావం ఎంత? గుర్దా మరీజ్ ఎవరు రోజా ఉండొచ్చు, ఎవరు ఉండకూడదు? ఈ సవాళ్ళని అదబ్‌తో, ఇల్మ్‌తో అడిగేవాళ్ళు మన ఇళ్ళ నుంచే ఎక్కువమంది రావాలి.

దారులు లేవని కాదు. ఎంబీబీఎస్ చదివే పిల్లలు సెలవుల్లో రెండు నెలలు తహ్కీక్ చేయడానికి ఐసీఎంఆర్ 1979 నుంచి స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. తర్వాత నెఫ్రాలజీ చదివినవాళ్ళని వేరే దేశపు ఆస్పత్రిలో నేర్చుకోవడానికి పంపే ఫెలోషిప్‌లు అంతర్జాతీయ నెఫ్రాలజీ సొసైటీకి ఉన్నాయి. షరతు ఏందంటే, నేర్చుకుని మళ్ళీ సొంత దేశానికే రావాలి. డాక్టరే కానక్కర్లేదు. స్టాటిస్టిక్స్ చదివిన అమ్మాయి, నీళ్ళు పరీక్ష చేసే కెమిస్ట్రీ అబ్బాయి కూడా ఈ పనికి కావాలి. వీళ్ళకి మొదటి అయిదారేళ్ళు కష్టం. జీతం తక్కువ, పేరు రాదు, చేయి పట్టి నడిపే ఉస్తాద్ దొరకడు. చాలామంది అక్కడే వదిలేస్తారు.

"డయాలిసిస్‌కే పైసల్లేవు, తహ్కీక్ ఎందుకు" అనేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. డయాలిసిస్ మరీజ్‌కి మదద్ చేయడం ఫర్జ్ లాంటిదే, దాన్ని ఆపమనడం లేదు. కానీ క్రియాటినిన్ పెరిగేసరికే గుర్దాల పని దాదాపు సగం పోయి ఉంటుంది. మనం ఎప్పుడూ ఆ చివరి సగం దగ్గరే చందాలు వసూలు చేస్తున్నాం. మొదటి సగాన్ని కాపాడే దారి వెతికే బిడ్డకి ఒక్క రూపాయీ పోవడం లేదు.

జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాని అడగండి. సదకాకి, చందాకి అడ్డమేముంది? ఒక వలీమాలో బిర్యానీ దేగ్‌లు రెండు తగ్గిస్తే ఒక స్టూడెంట్ ఊరూరూ తిరగడానికి బస్సు చార్జీలూ, పరీక్ష కిట్లూ వస్తాయి. ప్రతి మర్జ్‌కీ అల్లాహ్ షిఫా పెట్టాడని నమ్మే కౌమ్ మనది. ఆ షిఫాని వెతికే పని పరాయివాళ్ళదే అనుకుంటే ఎట్లా? ఈసారి మీ ఇంట్లో బిడ్డ "తహ్కీక్ చేస్తా" అంటే జీతమెంత అని కాదు, ఏ సవాల్ మీద అని అడగండి.