వాగును ఎండగట్టి నీటిని కడగాలా?

ఎండాకాలంలో వాగు ఇసుకలో చెలమ తవ్వారా ఎప్పుడైనా? పైన ఇసుక కాళ్లు కాలుస్తుంటే మూరెడు లోతున నీరు చల్లగా ఊరుతుంది. ఆ చల్లదనాన్ని గుర్తుంచుకోండి. నేను చెప్పబోయే తగాదా అంతా దానిమీదే.

అమెరికా తూర్పు తీరంలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో కేప్ కాడ్ అనే ద్వీపకల్పం ఉంది. హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన ఇసుక, గులకరాళ్ల మేట అది. పడిన వాన ఇట్టే ఇంకిపోతుంది. అక్కడి జనం తాగేది ఆ భూగర్భజలమే. అదే పల్లంలో ఊటగా ఉబికి కూనమెసెట్, క్వాష్‌నెట్ అనే చిన్న నదులై సముద్రం చేరుతుంది.

భూమిలోంచి వచ్చే ఆ నీరు ఏడాది పొడవునా సుమారు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. అందుకే అక్కడ ట్రౌట్ చేప బతుకుతోంది. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. గుడ్లు కూడా ఊట చిమ్మే గులకరాళ్ల మధ్యనే పెడుతుంది. నది పక్కన క్రాన్‌బెర్రీ మడులుండేవి. మన వాక్కాయలాగే ఎర్రని పుల్లని పండు అది. లోపల గాలి అరలుంటాయి. కోతకాలంలో మడిని నీటితో నింపి తీగలను కదిపితే పండ్లన్నీ పైకి తేలుతాయి. వాటిని ఒక మూలకు నెట్టి ఎత్తుకుంటారు. ఎంత తెలివైన కోత!

ఈ ఇసుక మేట మీదే ఒక పెద్ద సైనిక స్థావరం ఉంది. దశాబ్దాలపాటు అక్కడ ఒలికిన ఇంధనం, పారబోసిన ద్రావణులు ఇసుకలోకి దిగి, భూగర్భజలంతో పాటు రోజుకు అడుగో రెండడుగులో కదులుతూ పాయలు పాయలుగా సాగాయి. 1989లో ప్రభుత్వం ఆ స్థలాన్ని దేశంలో ముందుగా శుద్ధిచేయవలసిన వాటి జాబితాలో చేర్చింది. ఒక పాయ కూనమెసెట్ నదిలోకే ఉబికింది. అందులో ఉన్నది ఇథిలీన్ డైబ్రోమైడ్, ఒకప్పుడు సీసం కలిపిన పెట్రోలులో వాడిన రసాయనం. తాగునీటిలో దీనికి ఆ రాష్ట్రం పెట్టిన హద్దు ఎంతో తెలుసా? లక్ష లీటర్లకు 2 మిల్లీగ్రాములు!

మరి తోడి పారేస్తే సరిపోదా? బావులు తవ్వి, నీటిని తోడి, ఉత్తేజిత బొగ్గు గుండా పంపితే విషం బొగ్గుకు అంటుకుపోతుంది. పద్ధతి మంచిదే. చిక్కల్లా ఎంత తోడాలి అన్నదే. బావి చుట్టూ నీటిమట్టం దిగుతుంది, ఊట సన్నగిల్లుతుంది, మిగిలిన నీరు ఎండకు వేడెక్కుతుంది. పాయలన్నింటినీ ఒకేసారి ఆపాలని వేసిన భారీ పథకాన్ని, చెరువులకూ నదులకూ హాని జరుగుతుందని తేలడంతో 1996లో పక్కన పెట్టారు. ఆ తర్వాత ఒక్కో పాయకు వేరువేరుగా లెక్కవేసి తోడారు. శుద్ధిచేసిన నీటిని తిరిగి భూమిలోకో నదిలోకో వదిలారు.

“జనం ప్రాణాలకంటే చేప ఎక్కువా?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కలుషితమైన బావుల మీద ఆధారపడిన ఇళ్లకు ముందుగా మంచినీటి కుళాయి ఇవ్వాలి; అందులో ఒక్కరోజు ఆలస్యం కూడా తప్పే. అక్కడ అలా ఇచ్చారు. కాని ఆ పని అయ్యాక తొందర దేనికి? రోజుకు ఇన్ని లక్షల లీటర్లు తోడాం అని చెప్పుకోవడానికా? నా ఉద్దేశంలో శుద్ధికేంద్రం మీటరు ఒక్కటే చాలదు. నదిలో ఒక థర్మామీటరు కూడా ఉండాలి, రెండింటి లెక్కా ఊరి జనానికి చూపాలి. విషం పోయి వాగు కూడా పోతే దాన్ని శుద్ధి అనడానికి నాకు నోరు రాదు. అలాగని నదికి భయపడి విషాన్ని వదిలేయమనీ అనను. ఆ నీరే కదా మడుల్లోకి పారేది.

క్వాష్‌నెట్‌లో 1970 దశకం నుంచి ఔత్సాహికులు సెలవురోజుల్లో బురదలో దిగి, ఒడ్డులు సరిచేసి, ట్రౌట్‌కు చోటు కల్పిస్తూ వచ్చారు. కూనమెసెట్ దిగువన క్రాన్‌బెర్రీ సాగు ఆగిపోయింది. 2018-2020 మధ్య అక్కడి ఆనకట్ట తీసేసి, మడులను మళ్లీ చిత్తడినేలగా మార్చి, నదిని వంకరలు తిరుగుతూ పారనిచ్చారు. అడుగున ఊట ఇంకా చల్లగా ఉంది కాబట్టే ఆ పని సాధ్యమైంది.