కీవ్ పహిల్వాను

ఈ నెల ఉక్రెయిన్ ముచ్చట. యుద్ధం గురించి కాదు, ఒక పహిల్వాను గురించి.

సోవియట్ రోజుల్లో ఆఫ్రికా దేశాల నుంచి ఎందరో చదువు కోసం అక్కడికి పోయేటోళ్లు. కొందరు అక్కడి ఆడపిల్లలనే పెండ్లాడినరు. వాళ్ల పిల్లలు పుట్టింది అక్కడే, మాట్లాడేది అక్కడి భాషే. రంగు ఒక్కటే వేరు.

జాన్ బెలెన్యుక్ అట్లాంటోడే. 1991లో కీవ్‌లో పుట్టిండు. తండ్రి రువాండా పైలట్, సొంత దేశంలో జరిగిన అంతర్యుద్ధంలో చనిపోయిండు. ఉక్రెయిన్ తల్లి బట్టలు కుట్టి కొడుకును సాకింది. మిషన్ మీద బతుకంటే ఏందో మన ఇండ్లల్ల చెప్పాల్నా?

అతనిది గ్రీకో-రోమన్ కుస్తీ. నడుము కింద పట్టగూడదు, కాలు అడ్డం పెట్టగూడదు. అంతా చేతుల బలం, ఛాతీ బలమే. 2019లో ఎంపీ అయిండు. ఆ పార్లమెంటులో మొదటి నల్లజాతి సభ్యుడు అతనే. ఎంపీగా ఉంటూనే 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిండు. ఆ ఆటల్లో ఉక్రెయిన్‌కు వచ్చిన బంగారం అదొక్కటే! గెలవంగనే బరి మీద హోపాక్ ఆడిండు, అది వాళ్ల జానపద ఆట.

అదే నెల కీవ్ వీధిలో కొందరు కుర్రాళ్లు రంగు పేరు పెట్టి తిట్టినరు. దేశానికి బంగారం తెచ్చినోనికే ఇట్లయితే, పతకం లేనోళ్ల సంగతేంది? 2022లో యుద్ధం మొదలైనప్పుడు సరిహద్దుల దగ్గర తమను పక్కకు నిలబెట్టినరని ఆఫ్రికా విద్యార్థులు మొత్తుకున్నరు. మన తెలుగు పిల్లలు గూడ ఆ చలిలనే నిలబడ్డరు.

2024 పారిస్‌లో కంచు పతకం గెలిచి, బూట్లు విప్పి బరి మీదనే పెట్టిండు. కుస్తీవాళ్లు ఆట చాలించేది అట్లనే. అప్పటికి అతనికి 33 ఏండ్లు.