తగ్గింపు బోర్డు మీద.. భారం బిల్లు మీద

వాషర్‌మెన్‌పేట్ (చెన్నై): ఆడి నెల వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి, అమ్మకాలు మొదలవుతాయి. శుభకార్యాల్లేక గిరాకీ పడిపోయే రోజుల్లో పాత సరుకు వదిలించుకోవడానికి బట్టల వ్యాపారులు పెట్టుకున్న ‘ఆడి తళ్లుపడి’ ఎప్పుడో టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలకు పాకింది. తెలుగువారి ఆషాఢం ఇంకాస్త ముందే వస్తుంది. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలైతే, ఆడి ఆగస్టు 16న ముగిసింది. రెండు పంచాంగాలూ చూసే ఉత్తర చెన్నై తెలుగు కుటుంబాలకు ఏడు వారాలకు పైగా ఎటు చూసినా తగ్గింపు బోర్డులే. అవి దించేలోపు దీపావళి, ఆ వెంటే జనవరి 1, సంక్రాంతి.

సర్ పిట్టి త్యాగరాయ శెట్టి పేరిట కళాశాల వెలసిన ఈ పేటలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2006లో మొదలైన పథకం కింద తమిళనాడు ప్రభుత్వం కలర్ టీవీలు ఉచితంగా పంచింది. 2011 నుంచి మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్ ఇచ్చింది. ఉచితంగా వచ్చిన చిన్న టీవీ పోయి, ఇప్పుడు గోడకు పెద్ద టీవీ కావాలి. ఎండలకు తాళలేక ఏసీ కావాలి. ఇవి సొంత డబ్బుతో కొనాల్సినవే. కూలికో, చిన్న జీతానికో పనిచేసే ఇంట్లో అంత మొత్తం చేతికొచ్చేది ఏడాదికి ఒక్కసారి, దీపావళి బోనస్‌గా. చట్టం ప్రకారం కనీస బోనస్ 8.33 శాతం, అంటే దాదాపు ఒక నెల జీతం. ఆ ఒక్క నెల జీతాన్ని ఎక్కడ, ఎలా ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

ఏ ధర మీద తగ్గింపు?

‘50 శాతం వరకు తగ్గింపు’ అన్న బోర్డులో అందరూ 50 అంకె చూస్తారు. ‘వరకు’ అన్న మాట పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ తగ్గింపు దేని మీద అన్నది. దాదాపు ఎప్పుడూ ఎమ్మార్పీ మీదే. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని కంపెనీ ముద్రించే గరిష్ఠ ధర. టీవీలు, ఏసీలు పండగ లేని రోజుల్లో కూడా ఆ ధరకు అమ్ముడుపోవడం అరుదు. రూ.50 వేల ఎమ్మార్పీ ఉన్న టీవీ మామూలు రోజుల్లోనే రూ.32 వేలకు దొరుకుతుంటే, పండక్కి రూ.30 వేలకు ఇచ్చినవారు బోర్డు మీద 40 శాతం అని రాసుకోవచ్చు. కొనేవాడికి మిగిలింది రెండు వేలే.

అందుకే పండక్కి నెల ముందే ఓసారి షాపుకెళ్లి, నచ్చిన వస్తువు మోడల్ నంబరు, ఆ రోజు చెప్పిన ధర కాగితం మీద రాసుకోవడం మేలు. మోడల్ నంబరులో చివరి అక్షరం దాకా రాసుకోవాలి. పెద్ద షోరూములకు ఒకటి, ఆన్‌లైన్‌కు ఒకటి అంటూ కంపెనీలు చిన్నచిన్న తేడాలతో వేర్వేరు నంబర్లు ఇస్తుంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా, ఒకదాంట్లో స్పీకరో, మెమొరీయో తగ్గి ఉండొచ్చు. ఆ కాగితం జేబులో ఉంటే పండగ రోజు సేల్స్‌మన్ ఎంత తొందరపెట్టినా మోసపోయే అవకాశం తక్కువ.

పన్ను తగ్గిందా, షాపు తగ్గించిందా?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. ఏసీలు, 32 అంగుళాలకు మించిన టీవీలు, డిష్‌వాషర్లపై పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. పది శాతం పన్ను తగ్గితే ధర కూడా పది శాతం తగ్గాలని చాలామంది అనుకున్నారు. లెక్క అలా రాదు. పన్నుతో కలిపి రూ.40 వేలున్న ఏసీ, మిగతావేవీ మారకపోతే, రూ.36,875కు రావాలి. తగ్గేది రూ.3,125, అంటే దాదాపు 7.8 శాతం. ఆ మేరకు తగ్గింపు సర్కారు వదులుకున్న పన్ను. షాపు తన లాభంలోంచి ఇచ్చేది దానిపైన మొదలవుతుంది.

ఇంకో సంగతి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల మీద పన్ను 2018 జూలైలోనే 18 శాతమైంది. 32 అంగుళాల వరకు టీవీలకు 2019 జనవరి నుంచి అదే. 2025 మార్పుతో వీటికి సంబంధం లేదు. వీటి మీద ఎవరైనా ‘జీఎస్టీ ఆదా’ అని చెబితే, ‘ఎంత శాతం నుంచి ఎంతకు తగ్గింది?’ అని అడిగితే సరిపోతుంది. సరిహద్దు దాటి సూళ్లూరుపేట, తడ నుంచి కొనుగోళ్లకు వచ్చే బంధువులు కూడా గమనించాల్సింది ఉంది. 2017 జూలై నుంచి పన్ను ఆంధ్రలోనైనా తమిళనాడులోనైనా ఒకటే. తేడా ఉంటే అది షాపుల మధ్య పోటీ వల్ల వచ్చేదే.

వడ్డీ లేని అప్పుందా?

వాయిదాల మీద వస్తువులు కొనడం చెన్నైకి కొత్త కాదు. 1978లో మొదలైన వసంత్ అండ్ కో లాంటి దుకాణాలు ఆ పద్ధతితోనే మధ్యతరగతి ఇళ్లలోకి చేరాయి. ఇప్పుడు ఆ స్థానంలో ‘నో కాస్ట్ ఈఎంఐ’ వచ్చింది. సున్నా వడ్డీ అన్నదే లేదని, ఫీజుల రూపంలో వడ్డీ రాబడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది.

ఒక లెక్క చూడండి. టీవీ ధర రూ.30 వేలు. రొక్కం ఇస్తే రూ.28,500కు ఇస్తారు. ఈఎంఐ అయితే నెలకు రూ.3 వేల చొప్పున పది నెలలు, పైన రూ.500 ప్రాసెసింగ్ ఫీజు. వాయిదాల్లో కట్టేది మొత్తం రూ.30,500. రొక్కం ధర కంటే రెండు వేలు ఎక్కువ. చేతికి వచ్చిన అప్పుతో పోలిస్తే ఇది ఏడాదికి సుమారు 15 శాతం వడ్డీ. బోర్డు మీద మాత్రం సున్నా. క్రెడిట్ కార్డు వాయిదాలైతే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ అదనం. వడ్డీని తగ్గింపుగా వెనక్కిచ్చినా ఈ పన్ను వెనక్కి రాదు.

కాబట్టి ముందు అడగాల్సిన మాట ‘నెలకెంత?’ కాదు, ‘రొక్కమైతే ఎంత?’. ఫైనాన్స్ కంపెనీ అప్పైతే ఇంకో హక్కు ఉంది. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే రిటైల్ అప్పులకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తమిళం చదవలేని పెద్దలు సంతకం పెట్టేముందు తెలుగులో కావాలని అడగొచ్చు.

కరెంటు బిల్లు కూడా ధరే

తమిళనాడులో 2016 మే నుంచి ఇళ్లకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితమయ్యాయి. ఆపైన వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు మెట్లు ఎక్కుతుంది. ఏసీ వచ్చిన ఇల్లు ఒక్కసారిగా పై మెట్టుకు చేరుతుంది. ఏసీ మీద అతికించే స్టార్ లేబుల్‌లో ఏడాదికి 1,600 గంటల వాడకానికి ఎన్ని యూనిట్లు కాలుతాయో రాసి ఉంటుంది. ఒకదాని మీద 1,000, మరొకదాని మీద 750 అని ఉంటే, యూనిట్ రూ.6 లెక్కన ఏడాదికి రూ.1,500 తేడా. రెండో ఏసీ రూ.6 వేలు ఎక్కువైనా నాలుగేళ్లలో ఆ డబ్బు తిరిగొస్తుంది.

స్టార్లతో పాటు లేబుల్ మీది సంవత్సరం కూడా చూడాలి. కేంద్ర సంస్థ బీఈఈ ఈ కొలతలను అప్పుడప్పుడు బిగిస్తుంది. 2022 జూలైలో మార్చినప్పుడు అంతకుముందు 5 స్టార్ ఉన్న ఏసీలు 4 స్టార్‌కు దిగాయి. తగ్గింపు అమ్మకాల్లో ముందుగా బయటికొచ్చేది పాత సరుకే. పాతదని కొనకూడదనేం లేదు, పాతదని తెలిసి దానికి తగ్గ ధరకు బేరమాడాలి.

‘పదేళ్ల వారంటీ’ అన్నప్పుడు కూడా దేనికని అడగాలి. చాలావరకు అది కంప్రెసర్‌కో, మోటారుకో మాత్రమే. మొత్తం వస్తువుకు సాధారణంగా ఏడాదే. ఆ తర్వాత కంప్రెసర్ ఉచితంగా మార్చినా మెకానిక్ కూలి, గ్యాస్ ఖర్చు ఇంటివారిదే కావచ్చు. ఏసీ బిగించేటప్పుడు రాగి పైపు సాధారణంగా మూడు మీటర్ల వరకే ఇస్తారు. ఇరుకు సందుల్లో, మేడ మీద యూనిట్ పెట్టాల్సిన ఇళ్లకు అది చాలదు. అదనపు పైపు, స్టాండు, స్టెబిలైజర్ కలిపి ఎంతవుతుందో కొనకముందే రాయించుకోవాలి.

తొందర పెట్టేది ఎందుకు?

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తొలి ‘బిగ్ బిలియన్ డే’ నాడు సైటు మొరాయించింది, సరుకు నిమిషాల్లో అయిపోయింది, ధరలు మారాయి. సంస్థ వ్యవస్థాపకులు క్షమాపణ చెప్పుకున్నారు. ఆ తర్వాత పండగ అమ్మకాలు ఏటా పెరిగాయి. ‘ఇంకా రెండే ఉన్నాయి’, ‘పది నిమిషాలే’ లాంటి ఒత్తిడి కూడా పెరిగింది. లేని కొరతను చూపించి తొందరపెట్టడం, చివర్లో ఫీజులు కలపడం, అడగని వస్తువును బుట్టలో వేయడం లాంటి 13 ఎత్తుగడలను కేంద్రం 2023 నవంబరు 30న నిషేధించింది. అమ్మేంత సరుకు లేకుండానే తక్కువ ధర చూపి జనాన్ని రప్పించే ఎర ప్రకటనల మీద 2022 జూన్ నుంచే నిబంధనలున్నాయి. షాపు ముందు ‘మొదటి వంద మందికి’ అన్న బోర్డుకూ ఇవి వర్తిస్తాయి.

బిల్లుంటేనే బలం

బర్మాబజారులో బిల్లు లేకుండా టేప్‌రికార్డర్ కొన్న తరం ఈ పేటలో ఇంకా ఉంది. అప్పట్లో చవగ్గా వచ్చింది, చెడిపోతే అడిగే దిక్కు లేదు. ఇప్పుడు కూడా ‘బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తాం’ అంటే ఆ వెయ్యితో పోయేది వారంటీ, ఫిర్యాదు చేసే హక్కు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అన్న బోర్డు లోపమున్న వస్తువుకు చెల్లదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు దాన్ని వెనక్కి తీసుకోవాల్సిందే.

చెన్నైలో కొని నెల్లూరులో ఉంటున్నవారు నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు వస్తువైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందుగా 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఇవన్నీ పనిచేయాలంటే చేతిలో బిల్లు, సంతకం పెట్టిన వారంటీ కార్డు, ప్రకటన ఫొటో ఉండాలి.

తగ్గింపు అమ్మకాలన్నీ మోసమని కాదు. సరుకు కదలాలన్న తొందర దుకాణాలకు నిజంగానే ఉంటుంది, ఆ తొందరే కొనేవారికి లాభం. కానీ ఆడిలో దొరకనిది దీపావళికి, అప్పుడూ కుదరనిది జనవరి 1కి దొరుకుతుంది. ఏడాది పొడవునా నడిచే అమ్మకాల్లో తొందరపడాల్సిన అవసరం అమ్మేవారికే ఉంది. ఒక నెల బోనస్ చేతిలో పట్టుకున్న ఇంటికి లేదు.