46 మంది చెమట

అమెరికాలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కొందరు పండితులు నాడి పట్టుకుని కూర్చుంటారు. కన్జర్వేటివ్‌లు భయస్థులట, వాళ్ల నరాల తీరే అంతట. లిబరల్స్ కొత్తదనానికి బెదరరట, పుట్టుకతోనే అంతట. సైన్సు తేల్చేసిన నిజంలా ఈ మాట చెలామణి అవుతోంది. సైన్సు అలాంటిదేమీ తేల్చలేదు.

ఈ వాదానికి ఆయువుపట్టు 2008లో 'సైన్స్' పత్రిక అచ్చువేసిన ఒక అధ్యయనం. నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో, రాజకీయాల మీద గట్టి అభిప్రాయాలున్న 46 మందిని కూర్చోబెట్టారు. ముఖం మీద పెద్ద సాలీడు వాలిన మనిషి, పురుగులు పట్టిన పుండు లాంటి బొమ్మలు చూపించి, చర్మం మీద చెమట ఎంత పట్టిందో కొలిచారు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేసి, కళ్లెంత గట్టిగా ఆర్పారో చూశారు. ఎక్కువ ఉలిక్కిపడినవాళ్లు మరణశిక్షకు, రక్షణ వ్యయానికి, ఇరాక్ యుద్ధానికి అనుకూలమని రాశారు.

46 మంది. మన పెళ్లిళ్లలో ఒక్క బంతికి ఇంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బేకర్, ఆయన సహచరులు ఆ బొమ్మల పరీక్షనే 202 మంది అమెరికన్ల మీద మళ్లీ చేశారు. నెదర్లాండ్స్‌లోనూ ఆ తరహా పరీక్ష పెట్టారు. చెప్పుకున్న తేడా ఎక్కడా కనబడలేదు. ఫలితాన్ని 'సైన్స్'కే పంపితే సమీక్షకైనా ఇవ్వకుండా తిప్పి పంపిందని 2019లో వాళ్లే బయటపెట్టారు. చివరికి 2020లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' వేసుకుంది. 46 మందికి చోటిచ్చిన పత్రికకు 202 మంది బరువయ్యారన్నమాట.

ఇంకో ముచ్చట. 2012లో 'అమెరికన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ సైన్స్'లో వచ్చిన వ్యాసం, 'సైకోటిసిజం' (దుడుకుతనం, కరకుదనం) అనే లక్షణం కన్జర్వేటివ్‌లలో ఎక్కువని చెప్పింది. 2016లో అదే పత్రిక సవరణ వేసింది: డేటాలో సంకేతాలు తారుమారయ్యాయి, ఆ లక్షణం ఎక్కువున్నది లిబరల్స్‌లో! తమ మూలవాదనకు దీనివల్ల నష్టం లేదని రచయితలు అన్నారు. నష్టం లేకపోవచ్చు. కానీ తలకిందులైన ఫలితం అన్నేళ్లు చెలామణి కావడానికి కారణం, అది వినసొంపుగా ఉండటమేనేమో.

స్వభావానికీ రాజకీయానికీ సంబంధమే లేదని కాదు. కొత్త అనుభవాల మీద ఆసక్తి లిబరల్స్‌లో కాస్త ఎక్కువని చాలా సర్వేల్లో తేలింది. ఆ 'కాస్త' దగ్గర ఆగితే పేచీ లేదు. 51 దేశాల సమాచారంతో మల్కా అనే పరిశోధకుడి బృందం 2014లో ప్రచురించిన విశ్లేషణలో, భద్రత కోరుకునే మనిషి ఆచారాల విషయంలో కుడివైపు మొగ్గినా, ఆర్థిక విషయాల్లో చాలాచోట్ల ఎడమవైపే కనబడ్డాడు. 2020లో కరోనాకు ఎక్కువ భయపడింది డెమొక్రాట్లే, రిపబ్లికన్లు కాదు. 2012లో ఒబామాకు ఓటేసిన లక్షలాది మంది 2016లో ట్రంప్‌కు వేశారు. నాలుగేళ్లలో నరాలు మారిపోయాయా?

సరిహద్దు మీద, పన్నుల మీద, గర్భస్రావం మీద అవతలివాడు అడిగేదానికి జవాబు వెతకడం కష్టం. అతణ్ణి రోగిని చేయడం తేలిక. 2024లో ట్రంప్‌కు 7.7 కోట్ల మంది ఓటేశారు. వాళ్లెందుకు వేశారో గడప తొక్కి అడిగే ఓపిక ఈ పండితులకు లేదు. లింకన్‌లో 46 మందికి పట్టిన చెమట చూసి చీటీ రాసేస్తున్నారు.