వేగమును కొనుటయా, కూర్చుటయా?

ఉన్న కారు వేగము చాలదని తోచినవానికి రెండు మార్గములు కనబడును: ఆ కారునే షెడ్డునకు గొనిపోయి ఇంజనుకు బలము కూర్పించుట ఒకటి, దానిని అమ్మివేసి అంతకంటె బలమైనదానిని ఇంటికి తెచ్చుకొనుట మరియొకటి. హైదరాబాదులో చిరకాలముగ నడచుచున్న ఈ వివాదము, దుబాయి మస్కటు జీతములును అమెరికా డాలర్లును వచ్చి చేరుచున్న కామారెడ్డి ప్రాంతపు పల్లెలకు సైతము ఇప్పుడు ప్రాకినది, దసరాకు సెలవుమీద వచ్చిన కుర్రవాని కారు చుట్టు బీబీపేటలో మిత్రులు మూగి, "రీమ్యాప్ కొట్టిస్తే అయిపాయె గదా అన్నా, కొత్తది ఎందుకు?" అని సలహా చెప్పుచుండుట వినబడినచో ఆశ్చర్యపడవలసినది లేదు. ఆ సలహా మంచిది కాదని నా అభిప్రాయము. బలము నిజముగ కావలసినవాడు ఉన్నదానిని అమ్మి బలమైనదానిని కొనవలెను గాని, ఉన్నదానికి బలము అతికింపరాదు.

సలహా చెప్పినవాడు అబద్ధమాడుట లేదు. మన దేశమున ఇట్టి ప్రయోగములకు పేరుపడిన ఫోక్స్‌వాగన్ పోలోను తీసికొందము. 2022లో దాని తయారీ నిలిచిపోవునాటికి అందలి ఒక లీటరు టర్బో ఇంజను 110 అశ్వశక్తులది. ఇంజనులోనికి గాలిని ఎంత ఒత్తిడితో నెట్టవలెను, దానితో ఎంత పెట్రోలు కలుపవలెను, నిప్పురవ్వ ఏ క్షణమున రగులవలెను అను నిర్ణయములన్నియు ఈసీయూ అను చిన్న పెట్టెలో లెక్కలుగ వ్రాయబడియుండును. ల్యాప్‌టాప్ తగిలించి ఆ లెక్కలను తిరుగవ్రాసినచో (రీమ్యాప్ అనునది ఇదే), ఒక్క నట్టు విప్పకుండగనే టర్బో ఇంజను బలము సుమారు నూటికి ఇరువది పాళ్లు పెరుగును. టర్బో లేని పాత మారుతీ ఇంజనుకు ఇదే చికిత్స చేయించినచో మిగులునది బిల్లు మాత్రమే.

అయినచో కంపెనీవాడు ఆ బలమును ఏల దాచిపెట్టెను? లోభియై దాచలేదు. ఆ కారు ఏ మండల కేంద్రపు బంకులోనో సామాన్యమైన పెట్రోలు పోయించుకొనును. మే నెలలో కామారెడ్డి ఎండకు వేడెక్కి పలుచనైన గాలిని పీల్చును. ఆయిలు మార్పవలసిన గడువు దాటిన పిమ్మటను తిరుగుచునే యుండును. నలుగురు మనుషులను, డిక్కీనిండ బియ్యపు బస్తాలను మోయును. ఈ కష్టములన్నియు ఒక్కమారు వచ్చి మీదపడినను, పెట్రోలు అకాలమున భగ్గుమని, మెకానిక్కులు నాకింగ్ అనెడి ఆ టకటక ధ్వనితో పిస్టనులను తినివేయకుండుటకై విడిచిన జాగా అది. దానిని బలముగ మార్చుకొని సంతోషించుట, విత్తనపు వడ్లను దంచి అన్నము వండుకొని ఈ యేడు పంట ఎక్కువ వచ్చినదని చెప్పుకొనుట వంటిది.

పైగా ఇంజనులో పుట్టిన బలము ఇంజనులోనే యుండిపోదు. క్లచ్చుమీదుగ, గేరుపెట్టెమీదుగ, ఇరుసులమీదుగ చక్రములను చేరవలెను. అదే కంపెనీవారి వర్టస్ కారులో 1.5 లీటర్ల ఇంజను 150 అశ్వశక్తులను, 250 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చును. దానికి జతపరచిన ఏడు గేర్ల డీఎస్‌జీ పెట్టె పొడి క్లచ్చులది. అది భరింపగల హద్దుగ ఇంజనీర్లు నిర్ణయించినదియు సరిగ ఆ 250యే. అచట లెక్క తిరుగవ్రాసిన మొదటి దినముననే హద్దు దాటినట్లు. క్లచ్చు వెంటనే పోదు. ట్రాఫిక్కులో మెల్లగ కదలునప్పుడు సన్నని వణుకుతో ఆరంభించి, ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను అరచుచున్నను కారు కదలని స్థితికి వచ్చును, అంతలో వారంటీ మాట యెత్తుటకు యజమానికి నోరు రాదు.

ఇక ఆగుట సంగతి. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు నడచును. 140 వేగమున దానిలో చేరియుండు శక్తి 100 వద్ద ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఆ శక్తినంతను వేడిగ మార్చి గాలిలో విడువవలసినవి బ్రేకు డిస్కులు. కంపెనీవాడు బలమైన కారును తయారుచేయునప్పుడు డిస్కులను పెద్దవి చేయును, టైర్లను వెడల్పు చేయును, రేడియేటరును మార్చును, స్ప్రింగులను, స్టీరింగును తిరిగి కూర్చి, ఎండలలోను మంచులోను నడిపి చూచును. షెడ్డులో ఇంజనుకు బలము పెట్టించినవారిలో బ్రేకులకు ఖర్చుపెట్టినవారు ఎందరో, అలాయ్ వీల్స్ సందులనుండి లోనికి తొంగిచూచినచో తెలియును. ధ్వని మాత్రము తప్పక మారియుండును.

దీనికి ప్రత్యుత్తరముగ, అమెరికాలో క్యారోల్ షెల్బీ అను పందెగాడు 1962లో ఇంగ్లండు ఏసీ కంపెనీవారి చిన్నకారులో ఫోర్డువారి ఎనిమిది సిలిండర్ల ఇంజనును దింపి కోబ్రాను సృష్టించిన కథను చెప్పువారు కలరు. నాకును ఆ కథ ఇష్టమే. కాని అచట ఇంజను మార్చి ఊరకుండలేదు. కారు చట్రమును గట్టిపరచిరి, వెనుక ఇరుసును మార్చిరి, పందెములలో పట్టుబడిన లోపములను సవరించుచు పోయిరి. షెల్బీ కారును మార్చినవాడుగ మొదలై కారును తయారుచేసినవాడుగ తేలెను. మన షెడ్డులలో అంతదూరము పోవువారెవరు?

చట్టము కూడ మార్పించువాని పక్షమున లేదు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును వ్యాఖ్యానించుచు సుప్రీంకోర్టు 2019 జనవరి 9న, ఆర్సీలోని వివరములు కంపెనీ మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్పరాదని తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో మార్చబడిన 182-ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు జైలో, రెండునో విధింపవచ్చుననినది. కాని ఈ చట్టముతో నాకొక పేచీ కలదు. పోలీసులు సైలెన్సర్లను వరుసగ పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించు దృశ్యము పత్రికలలో బాగుగనే యుండును. పట్టుబడునది చెవికి వినబడునది మాత్రమే. పెట్టెలోని లెక్క మారిన కారు ఆర్టీఏ ఆఫీసు ముందునుండి నిశ్శబ్దముగ సాగిపోవును. జర్మనీలో ఇట్టి మార్పులను టీయూవీ వంటి తనిఖీ సంస్థలు పరీక్షించి, తగినదైనచో కారు కాగితములలో ఎక్కించును. బలము పెంచినవాడు బ్రేకులను సైతము చూపవలెను. ఇచట అట్టి ద్వారము లేనందున, మంచి మేస్త్రీయు చెడ్డ మేస్త్రీయు ఒకే చీకటిలో పనిచేయుచున్నారు. ప్రమాదము జరిగి, ఇన్సూరెన్సువారు, తమకు చెప్పకుండ చేయించిన మార్పును కనిపెట్టిననాడు గాని ఆ తేడా యజమానికి తెలియదు.

ఇక డబ్బు మాట. లెక్క తిరుగవ్రాయుట వేలలో తీరు పని. 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ 245 అశ్వశక్తులతో సుమారు 53 లక్షలు పలికినది, దానిపై జీవితపన్ను వేరు. అయినను పోలోవానికి తరువాతి మెట్టు గోల్ఫే కానక్కరలేదు. 150 అశ్వశక్తుల వర్టస్ కలదు. 2017లో 230 అశ్వశక్తులతో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ సెకండ్ హ్యాండ్‌లో వెదకినచో దొరకును. అవి కంపెనీ కూర్పుతో, ఆ బలమునకు తగిన బ్రేకులతో వచ్చినవి.

ఏది కొన్నను దానిని నడుపు చోటేది? కామారెడ్డినుండి దోమకొండమీదుగ బీబీపేటకు పోవు త్రోవలో యాసంగి కోతల దినములందు రోడ్డు సగమున వడ్లు ఆరబోసి, టార్పాలిన్ గాలికి లేవకుండ అంచులకు బండరాళ్లు పెట్టుదురు. రాత్రివేళ ఆ రాళ్లు హెడ్‌లైటు వెలుతురులో పడునప్పటికి అవి కారుకు మిక్కిలి సమీపమున నుండును. కారు ఎత్తు తగ్గించి స్ప్రింగులు మార్పించినవాడు మొదటి స్పీడ్ బ్రేకరు వద్దనే ఛాంబరు గీచుకొని, తడిసిన ఆయిలు మరకను చూచుచు నిలుచుండును. 2025 ఆగస్టు చివరి వానలకు జిల్లాలో రోడ్లు ఎట్లు కోసికొనిపోయినవో మరువదగినది కాదు. 44వ జాతీయ రహదారి విశాలమైనదే గాని, అట్టి నాలుగు వరుసల రోడ్లపై కార్లకు కేంద్రము 2018లో పెట్టిన హద్దు 100. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుపై 120. ఏ మార్పును లేని పోలో ఈ రెంటిని అవలీలగ దాటును.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఈ పందెము జరిగినప్పుడు నగరము నడిబొడ్డు రోడ్లను మూసి, కాంక్రీటు గోడలు నిలిపి, దాదాపు 2.8 కిలోమీటర్ల చుట్టును పందెమునకు విడిచిరి. మరుసటి యేడు జరుగవలసిన పందెము రద్దైనది. వేగమునకు అట్టి ఏర్పాటు కావలెను. మద్రాసు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990నుండి పందెపు చుట్టు కలదు. రీమ్యాపునకు దాచిన డబ్బుతో మంచి టైర్లు, క్రొత్త బ్రేకు ప్యాడ్లు, క్రొత్త బ్రేకు ఫ్లూయిడు వేయించుకొని, తెలిసిన గురువు ప్రక్కన కూర్చుండగ అచట ఒక దినము నడిపినవానికి, తన కారు చాలునో చాలదో నిజముగ తెలియును. చాలదని తేలినచో నిస్సంకోచముగ అమ్మవచ్చును.

ఆ అమ్మకమువద్దనే మరియొక చిక్కు. మార్పించిన కారును అమ్మువాడు ముందురోజు పాత లెక్కను తిరిగి ఎక్కించి, పాత సైలెన్సరు బిగించి, కడిగి తుడిచి నిలుపును; కొనువాడు కిలోమీటర్లు చూచును, పెయింటు చూచును, ఏసీ వేసి చూచును. అరిగిన క్లచ్చును, కాలిన పిస్టనులను ఎవడును చూడడు. కావున కొనబోవువాడు సర్వీసు బిల్లులన్నిటిని అడిగి తీసికొని, క్లచ్చు ఎప్పుడు మార్చిరో, తక్కువ కిలోమీటర్లకే ఏల మార్చిరో విచారింపవలెను. బోనెట్టు క్రింద గాలిగొట్టముల క్లిప్పులు కంపెనీవో, విప్పి బిగించినవో చూడవలెను. ఎత్తుమీద మూడవ గేరులో గట్టిగ తొక్కి చూడక బయానా ఈయరాదు.